నేల పటాన్ని, కడలి పటాన్ని ఒకటి చేయడం ఎలా: ఉప్పాడ తీరం మీద పని పద్ధతి

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డు పక్కన రాళ్ళ గోడ ఎంత ఎత్తు ఉండాలి? తుఫాను హెచ్చరిక వస్తే ముందుగా ఏ వీధిని ఖాళీ చేయించాలి? ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు మన చేతికి దొరికే పటాలు రెండు రకాలు. నేల పటం ఒడ్డు దగ్గర ఆగిపోతుంది. సముద్ర పటం ఓడకి నీళ్ళు చాలని చోట ఆగిపోతుంది. మనం తేల్చాల్సిన విషయమేమో ఆ రెండూ వదిలేసిన కొన్ని వందల మీటర్ల పట్టీలో ఉంటుంది.

ఆ పట్టీని పూడ్చి, ఇంటి గడప నుంచి సముద్రపు అడుగు దాకా ఒకే ఎత్తుల పటం తయారు చేయడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు చేసే పద్ధతి) కొద్దిగా తెలిసినవాళ్ళు, మండల ఇంజినీర్లు, తీర గ్రామాల్లో పనిచేసే సంస్థలవాళ్ళు చేయగలిగిన పనే. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్ ఉన్న ఒక ల్యాప్‌టాప్, కొద్దిపాటి సర్వే ఖర్చు చాలు. ఉదాహరణకి ఉప్పాడ తీరాన్నే తీసుకుంటాను. కోత ఎక్కువగా ఉన్న చోటు, గోదావరి మొగలకి దగ్గర, పక్కనే పోర్టు, దక్షిణాన హోప్ ఐలాండ్, దాని వెనక కోరింగ మడ అడవి. అన్ని చిక్కులూ ఒకేచోట దొరుకుతాయి.

ముందు ప్రశ్న, తర్వాత పటం

డేటా దించుకోవడానికి ముందు, ఈ పటంతో ఏం తేల్చాలనుకుంటున్నారో ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. "ఒకటిన్నర మీటరు ఉప్పెన వస్తే నీళ్ళు ఏ దారిన ఊళ్ళోకి వస్తాయి" అన్నది ప్రశ్న అయితే అర మీటరు తప్పు కూడా భరించలేం. "ఫిషింగ్ జెట్టీకి అనువైన చోటు ఏది" అయితే నీటి వైపు ఎక్కువ శ్రద్ధ కావాలి, ఊరి వైపు అంత అక్కర్లేదు. "మడ మొక్కలు ఎక్కడ నాటితే బతుకుతాయి" అన్నదానికైతే పోటుకీ ఆటుకీ మధ్య తేలి మునిగే బురద నేల ఒక్కటే ముఖ్యం, అదీ పది సెంటీమీటర్ల తేడాలతో సహా తెలియాలి. ప్రశ్న రాసుకోకుండా మొదలుపెట్టినవాళ్ళు చివరికి అందమైన రంగుల పటం ఒకటి తెస్తారు. దానితో ఎవరికీ పని ఉండదు.

ఏం దొరుకుతుంది, దాన్ని ఎంత నమ్మొచ్చు

నేల వైపు ఉచితంగా దొరికే డెమ్‌లు, అంటే గడి గడికీ ఎత్తు చెప్పే డిజిటల్ పటాలు, మూడున్నాయి. నాసా ఎస్ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరి నాటిది. కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ 2011 నుంచి 2015 వరకు తీసిన రాడార్ డేటాతో చేసింది. ఇస్రో పటాల సైట్ భువన్‌లో కార్టోడెమ్ ఉంది. మూడింట్లో కోపర్నికస్ నాకు నచ్చుతుంది, తీరం దగ్గర గరుకుతనం తక్కువ. కానీ అది నేల ఎత్తు చెప్పదు, పైనుంచి కనిపించేదాని ఎత్తు చెబుతుంది. కోరింగ మడ చెట్ల కొనలు, కొబ్బరి తోటల తలలు, పెంకుటిళ్ళ కప్పులు అన్నీ దానికి నేలే. దాన్ని నమ్మి ముంపు పటం వేస్తే మడ అడవి మొత్తం మునగని మెట్టలా కనిపిస్తుంది. చెట్లనీ ఇళ్ళనీ తీసేసిన ఫ్యాబ్‌డెమ్ ఉంది, బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు కోపర్నికస్ నుంచే తయారు చేశారు. వాణిజ్య పనికి వాడకూడదన్న షరతు చూసుకుని వాడుకోండి.

ఎన్ని చేసినా ఉపగ్రహం ఇచ్చే ఎత్తుల్లో ఒకటి రెండు మీటర్ల తప్పు మామూలు. విమానం నుంచి లేజర్‌తో కొలిచిన లైడార్ డేటా దొరికితే పది పదిహేను సెంటీమీటర్లకి వస్తుంది. తూర్పు తీరంలో కొన్ని చోట్ల ఎన్ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం), ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) కోసం అలాంటి సర్వేలు జరిగాయి. రెండు సంస్థలూ హైదరాబాదులోనే ఉన్నాయి. శాఖ తరఫున ఉత్తరం రాసి అడగడంలో తప్పు లేదు.

సముద్రం వైపు అసలైన ఆధారం డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ చార్ట్‌లు. కొనుక్కోవాలి. అందులో లోతులు డిజిటైజ్ చేసి నలుగురికీ పంచాలంటే అనుమతి కూడా కావాలి. పోర్టు వాళ్ళ దగ్గర పూడిక తీతకి ముందూ తర్వాతా చేసిన లోతు సర్వేలు ఉంటాయి, అవి బంగారం లాంటివి. ఉచితంగా దొరికేది ప్రపంచ సముద్రాల లోతులు చూపే జెబ్కో గ్రిడ్, 15 కోణ సెకన్లకి ఒక గడి, అంటే మన దగ్గర సుమారు 450 మీటర్లు. దానితోపాటు టీఐడీ అనే ఇంకో ఫైలు ఇస్తారు. ఏ గడి నిజంగా కొలిచింది, ఏది ఉపగ్రహ గురుత్వాకర్షణ డేటాతో ఊహించింది అన్నది అందులో ఉంటుంది. చాలామంది ఆ ఫైలు దించుకోరు. మీరు దించుకోండి. తీరం దగ్గర ఊహించిన గడులు ఎన్ని ఉన్నాయో చూశాక జెబ్కోని లోతు నీటికే పరిమితం చేయాలని మీకే అనిపిస్తుంది.

చార్ట్ గురించి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది ఓడ నేలకి తగలకుండా చూడడానికి చేసింది. సర్వేలో పది లోతులు కొలిస్తే, కాగితం మీద చోటు లేక ఒక్కటే చూపించాల్సి వస్తే, అన్నింట్లోకీ తక్కువ లోతునే ఉంచుతారు. నావికుడికి అది మేలు. మనకేమో అడుగు ఉన్నదానికంటే పైకి వచ్చేస్తుంది. చార్ట్ అంకెలతోనే అడుగు పటం గీస్తే అలలు ఒడ్డుకి రాకముందే విరిగిపోయినట్టు లెక్క తేలుతుంది. అందుకని వీలైతే చార్ట్ వెనకున్న అసలు సర్వే డేటానే అడగండి.

సున్నా ఎక్కడుంది

ఈ మొత్తం పనిలో ఎక్కువ టైం ఇక్కడే పెట్టండి. రెండు పటాలు అతకకపోవడానికి గడి సైజు కారణం అనుకుంటారు. నేను చూసినంతవరకు నూటికి తొంభై సార్లు కారణం సున్నానే, అంటే ఎత్తుని ఎక్కడి నుంచి కొలవడం మొదలుపెట్టారన్నదే.

సర్వే ఆఫ్ ఇండియా నేల ఎత్తులు 1909లో స్థిరపరిచిన సగటు సముద్రమట్టం నుంచి మొదలవుతాయి. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశాలోని ఫాల్స్ పాయింట్, ఈ తొమ్మిది చోట్ల అప్పటి సగటు మట్టాన్ని సున్నా అనుకుని దేశమంతా లెవెలింగ్ (చోటు నుంచి చోటుకి ఎత్తు తేడా కొలుస్తూ పోవడం) సరిచేశారు. అప్పటి నుంచి సముద్రం పెరిగింది, డెల్టా నేల కొన్ని చోట్ల కుంగింది. కాబట్టి ఆ సున్నా ఈరోజు ఉప్పాడ దగ్గర కనిపించే సగటు నీటిమట్టం అయి తీరాలని లేదు.

నౌకాయాన చార్ట్ సున్నా వేరు. నీళ్ళు దాదాపు ఎప్పుడూ అంతకంటే కిందికి పోని మట్టాన్ని అది సున్నా అంటుంది. దీన్నే చార్ట్ డేటమ్ అంటారు. దీని చరిత్రలో మన తీరానికి చోటుంది. ఇండియన్ స్ప్రింగ్ లో వాటర్ అన్న మట్టాన్ని పోటుల మీద పనిచేసిన శాస్త్రవేత్త జార్జ్ డార్విన్ భారత తీరపు పోటుల కోసమే లెక్కకట్టాడు.

మూడోది జీపీఎస్ సున్నా. అది భూమి ఆకారాన్ని పోలిన, గణితంలో మాత్రమే ఉండే ఎలిప్సాయిడ్ ఉపరితలం. శ్రీలంకకి దక్షిణాన సముద్రమట్టం ఆ ఉపరితలం కంటే వంద మీటర్లకి పైగా కింద ఉంటుంది, ప్రపంచంలో అంత లోతు పల్లం ఇంకెక్కడా లేదు. ఆ ప్రభావం మన దాకా ఉంది. కాకినాడ దగ్గర తేడా 70 మీటర్ల అటూఇటూ. కార్టోడెమ్ తెరిచి బీచ్ మీద నొక్కితే మైనస్ అరవై ఎంతో చూపించడం చూసి ఫైలు పాడైందనుకునేవాళ్ళు ఉన్నారు. ఫైలు బాగానే ఉంది, దాని ఎత్తులు ఎలిప్సాయిడ్ నుంచి కొలిచినవి. కోపర్నికస్ ఎత్తులు ఈజీఎం2008 జియాయిడ్ (సగటు సముద్రమట్టాన్ని నేల కిందికీ సాగదీసినట్టు లెక్కకట్టిన ఉపరితలం) మీంచి, ఎస్ఆర్‌టీఎంవి ఈజీఎం96 మీంచి. అందుకని ప్రతి ఫైలు పక్కనా దాని సున్నా ఏమిటో రాసిన ఒక చిన్న పట్టిక మొదటిరోజే పెట్టుకోండి.

ఇప్పుడు అన్నింటినీ ఒకే సున్నాకి తేవాలి. ఊరివాళ్ళకీ ఇంజినీర్లకీ అలవాటైన సర్వే ఆఫ్ ఇండియా సగటు సముద్రమట్టమే తీసుకోండి.

జీపీఎస్ ఎత్తుని మార్చడం తేలిక: ఎలిప్సాయిడ్ ఎత్తులోంచి ఆ చోటి జియాయిడ్ ఎత్తు తీసేయాలి. ఉదాహరణకి రీడింగ్ మైనస్ 66.30, జియాయిడ్ మైనస్ 68.10 అనుకుందాం. మైనస్ 66.30 లోంచి మైనస్ 68.10 తీస్తే 1.80 మీటర్లు. బీచ్ మీద ఆ ఎత్తు సబబే. ఈ లెక్క తర్వాత కూడా, దగ్గర్లోని సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్క్ (ఎత్తు కొలిచి పెట్టిన స్థిరమైన గుర్తు) మీద జీపీఎస్ పెట్టి, వాళ్ళిచ్చిన ఎత్తుకీ మీకొచ్చినదానికీ ఎంత తేడా ఉందో చూడండి. ఆ తేడాని చుట్టుపక్కల పాయింట్లన్నింటికీ కలపండి. పాత కట్టడాల గోడల మీదా, రాళ్ళ మీదా చెక్కిన గుర్తులు చాలా చోట్ల సిమెంటు పూత కింద పోయాయి. బతికున్నవి రెండైనా పట్టుకుని రెండింట్లోనూ ఒకే తేడా వస్తోందా అని చూడండి. రాకపోతే ఒకటి కుంగిందన్నమాట.

చార్ట్ లోతుని మార్చడానికి చార్ట్ డేటమ్ సగటు మట్టం కంటే ఎంత కిందుందో తెలియాలి. పోర్టులో నీటిమట్టం కొలిచే గేజ్ ఉంటుంది, దాని పక్కన ఒక బెంచ్‌మార్క్ ఉంటుంది. ఆ బెంచ్‌మార్క్ ఎత్తు చార్ట్ డేటమ్ నుంచి ఎంతో పోర్టు రికార్డుల్లో ఉంటుంది. అదే బెంచ్‌మార్క్ ఎత్తుని మీరు లెవెలింగ్ చేసి సర్వే ఆఫ్ ఇండియా సున్నా నుంచి కనుక్కుంటే, రెండు అంకెల తేడాయే మీకు కావలసింది. రెండు లోకాలనీ కలిపే మేకు అదొక్కటే. ఆ తేడా 0.8 మీటరు అని వచ్చిందనుకోండి. చార్ట్‌లో 2.4 అని ఉన్న లోతు మన పటంలో మైనస్ 3.2 అవుతుంది. లోతు కిందికి పెరుగుతుంది, ఎత్తు పైకి పెరుగుతుంది, గుర్తు మార్చడం మరవకండి. చార్ట్‌లో కింద గీత గీసిన అంకెలు కనిపిస్తే అవి లోతులు కావు. ఆటు వేళ నీళ్ళలోంచి బయటపడే దిబ్బల ఎత్తులు అవి. గీత గీసిన 0.5 అంటే 0.5 లోంచి 0.8 తీసి మైనస్ 0.3. టైప్ చేసేవాళ్ళు ఆ గీత చూడకపోతే ఇసుక దిబ్బ కాస్తా గొయ్యి అయిపోతుంది.

ఈ 0.8 అన్న తేడా తీరం పొడుగునా ఒకేలా ఉండదు. ఉప్పాడ దాకా కాకినాడ అంకె వాడుకోవచ్చు. గౌతమి పాయలోకో, కోరింగ కాలువల్లోకో వెళ్తే పోటు అణిగిపోతుంది, అక్కడ విడిగా కొలవాలి. ఇంగ్లండ్‌లో వోర్ఫ్, అమెరికాలో వీడేటమ్ అనే నమూనాలు ఈ తేడాలన్నీ ముందే లెక్కకట్టి పెట్టాయి. మనం లెవెల్ పరికరాన్ని భుజాన వేసుకుని నడవాలి.

ఇంత గొడవ అవసరమా అనిపిస్తే బీచ్ వాలు చూడండి. నూటికి ఒకటి వాలున్న ఒడ్డు మీద 30 సెంటీమీటర్ల ఎత్తు తప్పు వస్తే నీటి అంచు 30 మీటర్లు జరుగుతుంది. వెనకున్న పర్ర భూముల్లో వాలు వెయ్యికి ఒకటి ఉంటే అదే తప్పు 300 మీటర్లు, అంటే ఒక పేట.

అడ్డు నిలువు కొలతలు

ఇది త్వరగా తేలిపోతుంది. కాకినాడ ప్రాంతానికి యూటీఎం (భూమిని నిలువు జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోన్ వాడండి. రాష్ట్ర తీరం మొత్తం చేస్తుంటే శ్రీకాకుళంలో 84 డిగ్రీలు దాటగానే జోన్ 45 మొదలవుతుంది, అప్పుడు దేశమంతటికీ ఉన్న లాంబర్ట్ ప్రొజెక్షన్ మేలు. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ గోళం అనే పాత భూమి నమూనా మీద గీసినవి, నేరుగా పెడితే వందల మీటర్లు పక్కకి పడతాయి. పాత చార్ట్‌ల మీద, ఉపగ్రహంతో తీసిన స్థానాన్ని ఎంత జరపాలో చెప్పే చిన్న నోటు ఉంటుంది, చదవండి.

గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) స్కెచ్‌లు కూడా తెచ్చి ఇదే జోన్‌లోకి సరిచేసి పెట్టండి. ఉప్పాడ లాంటి చోట కొన్ని సర్వే నంబర్లు నీళ్ళలో తేలతాయి. పట్టా కాగితం మీద ఉంది, నేల మాత్రం కెరటాల కింద ఉంది. తుఫాను వెళ్ళాక ఇక్కడి జనం ఒడ్డున ఇసుక జల్లిస్తూ బంగారు రేణువులు వెతకడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. ఆ ఇసుక ఒకప్పుడు ఇళ్ళూ గుళ్ళూ ఉన్న చోటని పెద్దలు చెబుతారు. పాత పటం మీద ఆ గుళ్ళ చోటు పెట్టి చూడండి, నమ్మడం తేలికవుతుంది.

మధ్య పట్టీని మీరే కొలవాలి

సముద్రపు అడుగు కొలిచే హైడ్రోగ్రాఫర్లు దీన్ని వైట్ రిబ్బన్ అంటారు, పటం మీద తెల్లగా మిగిలిపోయే చోటు కాబట్టి. నేల సర్వేకి తడి, ఓడకి మెట్ట. తేట నీళ్ళున్న చోట ఉపగ్రహ చిత్రాల్లో రంగు తేడాతో లోతు అంచనా కట్టొచ్చు. ఐస్‌శాట్-2 ఉపగ్రహం ఆకుపచ్చ లేజర్ కూడా అడుగు దాకా చూస్తుంది. లక్షద్వీప్‌లో ఇవి బాగా పనిచేస్తాయి. గోదావరి బురద కలిసిన మన నీళ్ళలో వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ఉపాయం ఒకటే: నేల మనిషి ఆటు వేళ ముందుకు వెళ్ళాలి, పడవ పోటు వేళ వెనక్కి రావాలి. ఇద్దరూ కొలిచిన చోట్లు ఒకదాని మీద ఒకటి కనీసం 20, 30 మీటర్లు పడాలి. అమావాస్యకో పౌర్ణమికో ఆటుపోట్ల తేడా ఎక్కువ, ఆ రోజుల చుట్టూ పని పెట్టుకోండి. అష్టమి నాడు వెళ్తే నీళ్ళు పెద్దగా కదలవు. నెలలు కూడా చూసుకోవాలి. నైరుతి రుతుపవనాలకి ముందు, శీతాకాలం చివర సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అక్టోబర్, నవంబర్ నెలల్లో బంగాళాఖాతం సగటు మట్టమే కొన్ని పదుల సెంటీమీటర్లు పెరిగి ఉంటుంది. తుఫానులు వచ్చేదీ అప్పుడే, ముంపు లెక్కలో దీన్ని కలపాలి.

ఒడ్డుకి అడ్డంగా గీతలు అనుకోండి. రాళ్ళ గోడ ఉన్న చోట వంద మీటర్లకి ఒకటి, మిగతా చోట మూడు నాలుగు వందలకి ఒకటి. ప్రతి గీత రోడ్డుకి వెనక, ఊరి లోపల నుంచి మొదలవ్వాలి. ఆర్‌టీకే జీపీఎస్ (సెంటీమీటర్లలో స్థానం చెప్పే రకం) కర్రతో నడుస్తూ, వాలు మారిన ప్రతి చోటా ఒక పాయింట్ తీస్తూ ఛాతీ లోతు నీటి దాకా పోవాలి. కర్ర కొన బురదలో దిగిపోకుండా అడుగున అరచేతి వెడల్పు బిళ్ళ బిగించుకోండి. లేకపోతే ప్రతి పాయింటూ జానెడు కిందికి వెళ్తుంది.

పడవకి ఊళ్ళో ఫైబర్ తెప్ప చాలు. పెద్ద లాంచీ అయితే అంత దగ్గరికి రాదు. ఎకో సౌండర్ (శబ్దం పంపి లోతు కొలిచే పరికరం) తలని ఒక గొట్టానికి కట్టి పడవ పక్కన దించుతారు, జీపీఎస్ సరిగ్గా ఆ గొట్టం మీదే ఉండాలి. పని మొదలుపెట్టేముందు ఒక ఇనుప పళ్ళేన్ని కొలతలు కట్టిన గొలుసుతో సౌండర్ కింద రెండు మీటర్లు, తర్వాత నాలుగు మీటర్లు దించండి. తెర మీద అవే అంకెలు రావాలి. రాకపోతే శబ్దవేగం సరిచేయండి. మామూలుగా సెకనుకి 1500 మీటర్ల దగ్గర పెట్టి ఉంటుంది, వరదల కాలంలో మొగ దగ్గర మంచినీళ్ళు కలిస్తే తగ్గుతుంది. కాకినాడ అఖాతం వైపు పలుచటి బురద ఇంకో తంటా. 200 కిలోహెర్ట్జ్ శబ్దం బురద పై పొర దగ్గరే తిరిగొస్తుంది, 33 కిలోహెర్ట్జ్ అయితే లోపలికి దిగి గట్టి అడుగు చూపిస్తుంది. దేన్ని అడుగంటున్నారో ముందే అనుకుని రాసుకోండి.

పడవ నడిపే ఆయన్ని మధ్యలో పలకరిస్తూ ఉండండి. "ఇక్కడ ఎన్ని బారలుంటుంది బాబాయ్?" అంటే ఇట్టే చెబుతారు. బార అంటే మోటుగా ఆరడుగులు. ఆయన చెప్పిన చోట మీ పటం బొత్తిగా వేరేగా చూపిస్తుంటే ఆ గీత మళ్ళీ వేయండి. మొన్నటి తుఫానుకి ఎక్కడ ఇసుక మేట వేసిందో, మొగ ఎటు జరిగిందో ఏ ఉపగ్రహం కంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

అతకడం

అన్ని పాయింట్లనీ ఒకే పట్టికలోకి తెండి. అడ్డం, నిలువు, ఎత్తుతోపాటు మూడు వివరాలు తప్పనిసరి: ఎక్కడిది, ఎప్పటిది, ఎంత తప్పు ఉండొచ్చు. ఒకేచోట రెండు మూడు డేటాలు ఉంటే ఏది గెలవాలో నిర్ణయించుకోండి. నా వరస ఇది: సొంత సర్వే, లైడార్, పోర్టు సర్వే, చార్ట్, ఆఖరికి జెబ్కో. తేదీ కూడా చూడాలి. కోత పడుతున్న ఒడ్డు మీద పదేళ్ళ నాటి లైడార్ కంటే నిన్నటి నడక సర్వే మేలు. రోడ్డు వెనక ఊళ్ళో అయితే పాత లైడారే మేలు.

పాయింట్ల నుంచి ఉపరితలం చేయడానికి టిన్ పద్ధతి (పాయింట్లని త్రిభుజాలుగా కలిపేది) వాడండి, రాళ్ళ గోడని బ్రేక్‌లైన్‌గా, అంటే వాలు ఒక్కసారిగా విరిగే గీతగా ఇవ్వండి. గోడ పై అంచు ఒక గీత, పాదం ఒక గీత, రెండింటికీ ఎత్తులు విడివిడిగా. ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ గోడని ఒక ర్యాంపులా వాల్చేస్తుంది, కంప్యూటర్లో కెరటం హాయిగా ఎక్కి ఊళ్ళోకి వస్తుంది. రొయ్యల చెరువుల గట్లు, రోడ్డు కట్ట, తూములు కూడా ఇలాగే. తూము ఒకటి మరిచిపోతే రోడ్డు వెనక పేట అంతా పొడిగా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. మీ గీతల మధ్య దూరం వంద మీటర్లు, ఒక్కో గీత మీద పాయింట్ల మధ్య దూరం రెండు మీటర్లు. నేరుగా టిన్ చేస్తే ఒడ్డు రంపపు పళ్ళలా వస్తుంది. దీనికి విరుగుడు, అతకడానికి ముందు పాయింట్లని ఒడ్డు వెంట ఎంత దూరం, ఒడ్డు నుంచి ఎంత దూరం అన్న కొలతల్లోకి మార్చి, ఒడ్డు వెంట దూరాన్ని కుదించి, ఉపరితలం చేశాక తిరిగి మామూలు కొలతల్లోకి తేవడం. ఇసుక తీరం ఒడ్డు వెంట నెమ్మదిగానూ, ఒడ్డుకి అడ్డంగా త్వరగానూ మారుతుంది కాబట్టి ఈ పద్ధతి పనిచేస్తుంది.

మీ సర్వే అయిపోయి పాత డేటా మొదలయ్యే చోట ఒక మెట్టు వస్తుంది. దాన్ని నునుపు చేయడానికి వంద, రెండు వందల మీటర్ల వెడల్పున రెండింటినీ దూరాన్ని బట్టి కలపాలి. సర్వే అంచున కొత్తది నూరుపాళ్ళు, అవతలి అంచున పాతది నూరుపాళ్ళు. రాస్టర్ కాలిక్యులేటర్‌లో ఒక్క సూత్రంతో అయిపోతుంది. అయితే మెట్టు మీటరు కంటే పెద్దదైతే నునుపు చేయకండి. సున్నా దగ్గరికి తిరిగి వెళ్ళండి, అక్కడేదో తప్పుంది. నునుపు చేసేసిన తప్పు తర్వాత ఎవరికీ దొరకదు.

సరిచూడడం

పదింట ఒక పాయింట్‌ని మొదటే పక్కన పెట్టి, ఉపరితలం చేశాక వాటితో పోల్చండి. ఆపైన నాకు బాగా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. సెంటినెల్-2 ఉపగ్రహం మన మీంచి ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్తుంది. సర్వే రోజులకి దగ్గరగా మబ్బు లేని చిత్రం ఒకటి తీసుకుని, ఆ నిమిషానికి నీటిమట్టం ఎంతో ఆటుపోట్ల పట్టికలో చూడండి. పట్టిక అంకె చార్ట్ డేటమ్ నుంచి ఉంటుంది, మీ సున్నాకి మార్చుకోండి. ఆ ఎత్తు దగ్గర మీ పటంలో ఒక కాంటూర్ (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) గీయండి. చిత్రంలో నీటి అంచు, మీ కాంటూర్ ఒకటి రెండు గడుల్లోపు, అంటే 10, 20 మీటర్లలోపు కలిస్తే మీ సున్నాలు సరిగ్గా ఉన్నట్టే. పోటు వేళ చిత్రం, ఆటు వేళ చిత్రం రెండూ చూస్తే ఇంకా మంచిది.

తప్పుల లెక్క కూడా చెప్పాలి. సముద్రం వైపు 0.5, నేల వైపు 0.3, సున్నాల మార్పులో 0.2 మీటరు అనుకుంటే వర్గాలు కూడి మూలం తీస్తే 0.62 వస్తుంది. పటం మీద పది సెంటీమీటర్లకో కాంటూర్ గీసే హక్కు మీకు లేదన్నమాట. ముంపు అంచుని సన్నటి గీతగా కాకుండా ఒక పట్టీగా చూపించండి. గ్రామసభలో "ఈ పట్టీలో ఇల్లు మునగొచ్చు, మునగకపోవచ్చు" అంటే జనం చక్కగా అర్థం చేసుకుంటారు. అధికారులే గీత కావాలంటారు.

చట్టం గీతలు వేరు

తీరం దగ్గర కట్టడాలని అదుపు చేసే సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ మొదట 1991లో, తర్వాత 2011లో, 2019లో వచ్చింది. అందులో హై టైడ్ లైన్, లో టైడ్ లైన్ అన్నవి చెన్నైలోని ఎన్‌సీఎస్‌సీఎం (తీర నిర్వహణ జాతీయ కేంద్రం) గుర్తించిన గీతలు. మీ పటంలోంచి తీసిన పోటు కాంటూర్ వాటితో కలవకపోవచ్చు, కలవనక్కర్లేదు కూడా. ఒడ్డున ఇసుక, మొక్కలు, నేల తీరు చూసి గుర్తించే గీత అది. మీది ఒక నీటిమట్టం గీత. 2019 నియమాల్లో చదరపు కిలోమీటరుకి 2161 మంది కంటే ఎక్కువున్న గ్రామీణ ప్రాంతంలో, ప్రణాళిక ఆమోదం పొందాక, కట్టడాలు నిషిద్ధమైన మేర 50 మీటర్లు, అంతకంటే తక్కువున్న చోట 200 మీటర్లు. అనుమతుల కాగితాల్లో ఎన్‌సీఎస్‌సీఎం గీతే వాడండి, ప్రమాదం అంచనాకి మీ పటం వాడండి. రెండింటినీ ఒకే రంగులో ఒకే షీట్ మీద వేయకండి. ఏదో ఒక రోజు ఆ షీట్ కోర్టులో తేలుతుంది.

కొలతల విషయంలో, పటాల డేటా మీద కేంద్రం ఇచ్చిన 2021 ఫిబ్రవరి మార్గదర్శకాల తర్వాత మనవాళ్ళకి ముందస్తు అనుమతుల బాధ చాలా తగ్గింది. ఒక మీటరు అడ్డం, మూడు మీటర్ల ఎత్తు కంటే సూక్ష్మమైన ఖచ్చితత్వం ఉన్న డేటాని భారతీయ సంస్థలే సేకరించాలన్న హద్దు మాత్రం ఉంది. విదేశీ భాగస్వామి ఉంటే ముందే చూసుకోండి. పోర్టులు, రక్షణ స్థావరాల దగ్గర వాళ్ళ అనుమతి విడిగా కావాలి.

అప్పగించడం

తీరం పొడవు ఎంత అని ఎవరైనా అడిగితే ఏ స్కేలు మీద కొలిచారో చెప్పకుండా అంకె ఇవ్వకండి. దేశపు తీరం పొడవు దశాబ్దాల తరబడి 7,516 కిలోమీటర్లు. నిశితమైన స్కేలులో మళ్ళీ కొలిస్తే 11,098 అయింది. నేల పెరగలేదు, వంపులు లెక్కలోకి వచ్చాయి.

ఫైలు పేరులోనే సున్నా, తేదీ, గడి సైజు పెట్టండి. పక్కన ఒక పేజీ కాగితం ఉండాలి: ఏ బెంచ్‌మార్క్ వాడారు, చార్ట్ డేటమ్ తేడా ఎంత తీసుకున్నారు, ఏ భాగం కొలిచింది, ఏ భాగం ఊహించింది. ఊహించిన భాగాన్ని పటం మీద గీతల గళ్ళతో చూపించండి. మూల పాయింట్లు తీసేయకుండా ఒక కాపీ మండలంలో, ఒకటి పోర్టులో ఉంచండి.

తర్వాతి తుఫాను దాటిన వారంలోపు అవే గీతల్లో ఐదారైనా మళ్ళీ నడవండి. గోడ పాదం దగ్గర ఇసుక ఎంత దిగిందో అప్పుడే కనిపిస్తుంది, నెల గడిస్తే కెరటాలు మళ్ళీ పూడ్చేస్తాయి. తేడా అర మీటరు దాటిన గీతల మధ్య పటాన్ని రద్దు చేసి కొత్తగా కొలవండి, మిగతాది అలాగే ఉంచండి.